తోడల్లుళ్ల మధ్య కుట్టుమిషను

పాలిటెక్నిక్ వర్క్‌షాపు,
సోమవారం

చిరంజీవి తమ్ముడికి దీవెనలు.

విషయం: అత్తగారి కుట్టుమిషను మా గేటు ముందు నుంచి వెళ్లిపోవుట గురించి.

ఎదురెదురు ఇళ్లలో ఉంటూ ఈ ఉత్తరమేమిటని నీకు నవ్వు రావచ్చు. ఇరవై ఎనిమిదేళ్లుగా వర్క్‌షాపు సూపరింటెండెంటుగా ఉన్నవాణ్ణి, కాగితం మీద లేనిది నా దృష్టిలో జరగనట్టే లెక్క. మీ వదిన ఎలాగూ గిన్నె తిరిగివ్వడానికి మీ ఇంటికి వస్తోంది. అందులోనే పెట్టి పంపుతున్నాను.

నిన్న ఉదయం నేను గేటు దగ్గర పేపరు చదువుకుంటుంటే నీ ట్రాలీ ఆటో వెళ్లింది. అందులో అత్తగారి కుట్టుమిషను ఉంది. దుప్పటి కప్పావు గానీ తొక్కుడు పలక బయటికి కనపడుతూనే ఉంది. నన్ను చూసి తల వంచుకుని, ఎండగా ఉందండీ అన్నావు. అప్పుడు ఎండ లేదు.

అత్తగారింట్లో ఏది చెడినా కబురు నాకే వచ్చేది. పంపు, ఫ్యాను, బీరువా తాళం, అన్నీ. నువ్వు ఆ ఇంటి అల్లుడివి కాకముందు నుంచీ అదే వరస. ఆ మిషను చప్పుడు వీధిలోంచి వింటే చాలు, దానికి ఏం తక్కువైందో చెప్పగలను. అలాంటిది, నన్ను కాదని నీ షెడ్డుకి తీసుకుపోయావు. నువ్వు పనిచేసింది బీమా ఆఫీసులో. పాత ఐసు ఫ్యాక్టరీ అద్దెకు తీసుకుని, నాలుగు మిషన్లు పెట్టి, వీధిన పోయేవాళ్లందరినీ పిలిచి మీకు కావలసింది మీరే చేసుకోండని చెప్పి, దానికి మేకర్‌స్పేసని పేరు పెట్టినంత మాత్రాన చేతికి పని రాదు.

నాకు అసూయ అనుకుంటావేమో. కాదు. ఇది సాంకేతికమైన అభ్యంతరం మాత్రమే.

ఈ నెలాఖరుకి రిటైరవుతున్నాను. కుర్చీ పోయాక నన్నెవరూ ఏమీ అడగరని తెలుసు. కుర్చీ ఉండగానే అత్తగారు అడగడం మానేశారంటే కష్టంగా ఉంది. ఈ ఒక్క వాక్యం అనధికారికం.

ఇట్లు,
నీ తోడల్లుడు, సూపరింటెండెంటు

తా.క. గిన్నె మీదే, ఉంచుకోవచ్చు. మిషను మాత్రం పంపించవలెను.


షెడ్డు,
మంగళవారం

పూజ్యులైన అన్నయ్యగారికి నమస్కారాలు.

ఆ రోజు ఎండ లేదు, నిజమే. మిమ్మల్ని చూస్తే నాకు చెమటలు పడతాయి కదా, అందుకని ఎండ అనుకున్నాను.

మిషను నేనేమీ ఎత్తుకుపోలేదు. అత్తయ్యగారే పిలిచి ఇచ్చారు. ఎందుకిచ్చారో మీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు. చెప్పొద్దన్నారని కూడా చెప్పొద్దన్నారు, అది ఇప్పుడు చెప్పేశాను. దయచేసి ఇంతకుమించి అడక్కండి.

నాకు పని రాదన్నారు. రాదు. అందుకే షెడ్డు పెట్టాను. వచ్చినవాళ్లు నాకు నేర్పుతారని ఆశ. మీ వర్క్‌షాపులో చూసి మేమూ గోడ మీద ప్రతి పనిముట్టుకీ దాని ఆకారం గీయించాం, తీసినవాళ్లు మళ్లీ అక్కడే తగిలించాలని. బ్యూటీ పార్లరు ఆవిడ గీసింది. కొలతకి కాకుండా అందానికి గీసింది. స్పానర్లకి నడుములు సన్నగా వచ్చాయి. ఏ స్పానరూ తన బొమ్మలో తాను పట్టడం లేదు.

మా షెడ్డుకి పెద్ద రూల్సేమీ లేవు. ఎవరైనా ఎప్పుడైనా రావచ్చు. గుమ్మం పక్క బల్ల మీద పాడైన వస్తువు కనపడితే, చేతనైనవాళ్లు ఎవరిదని అడక్కుండా బాగుచేసి వెళ్లాలి. మీరూ ఒకసారి రండి. పాత లేతు మిషను ఒకటి చూడటానికి నేను శనివారం దాకా ఊళ్లో ఉండను గానీ, తలుపు తీసే ఉంటుంది.

మీ ఆశీస్సులు కోరే,
తమ్ముడు

తా.క. ఉత్తరాలు గిన్నెలో పెట్టొద్దని మీ మరదలు చెప్పమంది. నూనె అంటుకుని, తనకి చదవడం కష్టంగా ఉందట.


పాలిటెక్నిక్ వర్క్‌షాపు,
గురువారం

చిరంజీవి తమ్ముడికి దీవెనలు.

విషయం: నీ షెడ్డు తనిఖీ.

రమ్మన్నావు గనక నిన్న మధ్యాహ్నం వచ్చాను. లోపల ఎవరూ లేరు. గుమ్మం బయట ఒకామె కుర్చీకి రంగు వేసుకుంటూ, కావలసింది తీసుకోండి అంది. నేనెవరో ఆమెకు తెలియలేదు. నాకు అదీ కష్టంగానే తోచింది.

తమ్ముడూ, అది వర్క్‌షాపా? నీ పెద్ద బల్ల మీద ఎవరో స్క్రూలు, పినియన్లు, స్ప్రింగులు, రాడ్లు నీలం గుడ్డ మీద ముగ్గు పెట్టినట్టు వరసగా పరిచి వెళ్లిపోయారు. చూస్తూ ఊరుకోలేకపోయాను. కోటు విప్పి కూర్చున్నాను. స్క్రూలను సైజుల వారీగా ఏరి నీ సొరుగుల్లో స్క్రూలతో కలిపాను. స్ప్రింగులు స్ప్రింగుల్లో, వాషర్లు వాషర్లలో వేశాను. చీకటి పడేదాకా పట్టింది. నీ షెడ్డు పుట్టాక ఒక బల్ల ఖాళీగా కనపడటం అదే మొదటిసారి అయ్యుంటుంది.

మధ్యలో సీసా మూతలో ఒకటి దొరికింది, ఆడవాళ్ల జడపిన్ను. దాన్ని ఎవడో ఘనుడు కొక్కెంలా వంచి ఏదో మిషనులో వాడాడు. ఇలాంటి పని చేసినవాణ్ణి వర్క్‌షాపు గడప తొక్కనివ్వకూడదు. చెత్త డబ్బాలో పడేశాను.

నీ షెడ్డు గురించి పేపర్లో పడ్డప్పటి నుంచి మా ప్రిన్సిపాలుకి నిద్ర లేదు. వాళ్ల దగ్గర ఎప్పుడూ జనం, మన దగ్గర బెల్లు కొట్టగానే తాళం అని నన్ను నిలబెట్టి అడిగాడు. ఈ శనివారం నుంచి సాయంత్రాలు ఊరందరికీ వర్క్‌షాపు తెరవాలట. బయటివాళ్లను లోపలికి రానివ్వకపోవడమే ఇన్నేళ్లూ నా ఉద్యోగం. ఇప్పుడు రమ్మని బోర్డు రాయాల్సి వచ్చింది. అలవాటు కొద్దీ 'అనుమతి లేనిదే లోనికి' అని రాసేశాను. తుడపడం ఇష్టంలేక దాని కింద 'రావచ్చును' అని పూర్తిచేశాను. ఇదంతా నీ పుణ్యమే.

ఇట్లు,
సూపరింటెండెంటు

తా.క. అత్తగారి మిషను ఎక్కడా కనపడలేదు. వెతికానని కాదు. కనపడలేదంతే.

తా.క. మరొకటి. నీలం గుడ్డ మురికిగా ఉంటే తెచ్చాను. ఉతికించి పంపుతాను.


ఇంటి నుంచి,
ఆదివారం

పూజ్యులైన అన్నయ్యగారికి నమస్కారాలు.

నిన్న మధ్యాహ్నం బస్సు దిగి ఇంటికి రాగానే మీ ఉత్తరం అందింది. స్నానానికి వేడినీళ్లు పెట్టుకుని పైపైన అక్కడో ముక్క, ఇక్కడో ముక్క చదివాను. మీరు మా షెడ్డుకి వచ్చి, కోటు విప్పి, చీకటి పడేదాకా సర్దారన్న చోటికి వచ్చేసరికి కళ్లు చెమర్చాయి. మిగతాది చదవడానికి అక్షరాలు కనపడలేదు. పెళ్లయిన ఇన్నేళ్లలో మీరు నా కోసం చేసిన మొదటి పని ఇది.

ఊరికే ఉండలేకపోయాను. సాయంత్రం మీ వర్క్‌షాపు తెరుస్తున్నారని మీ మరదలు చెప్పింది, తను ఉత్తరం చివరిదాకా చదివింది కాబట్టి. షెడ్డు సభ్యులందరినీ ఇళ్ల దగ్గరే కలుసుకుని, అటునుంచి అటే తీసుకొచ్చాను. మీరు ప్రిన్సిపాలుగారితో టీ తాగడానికి వెళ్లారట. మీ గుమ్మం పక్క బల్ల మీద పంపు, ఫ్యాను, డ్రిల్లు, గ్రైండరు, పాపం అన్నీ పాడైపోయి వరసగా ఉన్నాయి. ఇంత పెద్ద సంస్థలో వాటిని పట్టించుకునే దిక్కు లేకపోయిందని మావాళ్లు బాధపడ్డారు. అందరం చొక్కా చేతులు మడిచి కూర్చున్నాం. మీరు వచ్చేలోగా అన్నీ బాగుచేసేసి, బల్ల తుడిచి, చెప్పకుండా వెళ్లిపోయాం. మీరు మాకు చేశారు, మేము మీకు చేశాం. చెల్లుకు చెల్లు.

మీ ఆశీస్సులు కోరే,
తమ్ముడు

తా.క. ఉత్తరం మడిచి షెడ్డుకి ఇప్పుడే వచ్చాను. అన్నయ్యగారూ, నీలం గుడ్డ మీద పరిచినవి ఎక్కడ?

తా.క. మీ ఉత్తరంలో మిగతాది ఇప్పుడే చదివాను. కుర్చీలో కూర్చున్నాను.


పాలిటెక్నిక్ వర్క్‌షాపు,
సోమవారం సాయంత్రం

తమ్ముడికి.

విషయం: నా పరువు.

దీవెనలు ఈసారి లేవు.

ఈ ఉదయం ఫైనలియర్ ప్రాక్టికల్ పరీక్ష. మీరు కరుణించి బాగుచేసిన ఆ సామాన్లు నేను నెల్లాళ్లు కూర్చుని స్వహస్తాలతో పాడుచేసుకున్నవి. విద్యార్థి వచ్చి, లోపమేమిటో కనిపెట్టి రాయాలి. అదీ పరీక్ష. ఒక్కోదాంట్లో ఒక్కో దొంగ లోపం పెట్టాను, పుస్తకాల్లో దొరకనివి. నా సర్వీసుకి ఇవే ఆఖరి పరీక్షలు గనక మనసు పెట్టి మరీ పాడుచేశాను.

బయటి కాలేజీ నుంచి ఎగ్జామినరు వచ్చాడు. మొదటి కుర్రాడు స్విచ్చి వేశాడు. పంపు చక్కగా పనిచేసింది. నీళ్లు ఎదురుగా ఉన్న ఎగ్జామినరు చొక్కా మీద పడ్డాయి. ఫ్యాను తిరిగింది, జవాబు పత్రాలు ఎగిరాయి. ఒకమ్మాయి చాలాసేపు వెతికి, కళ్లు తుడుచుకుంటూ, 'లోపమేదీ లేకపోవడమే ఇందులో లోపం' అని రాసింది. దానికి మార్కులు వేయాలో వద్దో తెలియక ఎగ్జామినరు తల పట్టుకున్నాడు. పరీక్ష శనివారానికి వాయిదా వేశాం. ప్రిన్సిపాలు నన్ను పిలిచి టీ ఇప్పించాడు. అదే భయంగా ఉంది.

ఒక్క సంగతి అడుగుతాను, నిజం చెప్పు. ఆ పంపులో వాషరు వెనక్కి తిప్పి పెట్టాను. ఇన్నేళ్లలో ఒక్క విద్యార్థికీ అది దొరకలేదు. ఒక్క సాయంత్రంలో పట్టుకున్నది ఎవరు? అసూయతో అడగడం లేదు. రికార్డు కోసం.

ఇక నీలం గుడ్డ మీద పరిచినవి ఎక్కడికీ పోలేదు. సొరుగుల్లో సైజుల వారీగా క్షేమంగా ఉన్నాయి. దానికి కుర్చీలో కూర్చోవడమెందుకు?

ఇట్లు,
సూపరింటెండెంటు, ప్రస్తుతానికి

తా.క. నీలం గుడ్డ ఉతికితే రంగు పోయింది. ఇప్పుడది తెల్లగుడ్డ.


షెడ్డు,
మంగళవారం

పూజ్యులైన అన్నయ్యగారికి నమస్కారాలు, క్షమాపణలు.

పంపులో వాషరు పట్టుకున్నది మా షెడ్డుకొచ్చే కొరియరు అబ్బాయి. వాళ్లింట్లో పంపుకి అదే తిరకాసట. ఫ్యాను బ్యూటీ పార్లరు ఆవిడ చేసింది. వాళ్లిద్దరూ అప్పటి నుంచి, అంత తెలివిగా పాడుచేసిన మహానుభావుడెవరో చూడాలని నా ప్రాణం తీస్తున్నారు. నేను ఒక పంపు బాగుచేయలేదు, ఒకటి పాడుచేయనూ లేదు. నాకు వాళ్ల మీదా, మీ మీదా అసూయగానే ఉంది.

ఇప్పుడు అసలు సంగతి. మీరు కూర్చుని వినండి. నీలం గుడ్డ మీద ఉన్నవి అత్తయ్యగారి మిషను భాగాలు. విప్పిన వరసలోనే పరిచాం, ఎడమ నుంచి కుడికి, ఆ వరసే మళ్లీ బిగించడానికి దారి. మా షెడ్డులో నీలం గుడ్డ మీద ఉన్నదాన్ని ఎవరూ ముట్టుకోరు. ఆ సంగతి అందరికీ తెలుసు గనక గోడ మీద రాయలేదు. మిషను తలకాయ రంగు వేయించడానికి వెనక గదిలో ఉంది. అందుకే మీకు కనపడలేదు.

ఇప్పుడు ఆ స్క్రూలు మా వేల స్క్రూలలో కలిసిపోయాయి. రెండు రోజులుగా సొరుగులు ముందేసుకుని కూర్చున్నాం. ఒక్కటి కుదిరితే రెండు మిగులుతున్నాయి. నెలాఖరుకి మిషను సిద్ధం కావాలని అత్తయ్యగారి ఆజ్ఞ. రోజూ సాయంత్రం ఫోన్ చేసి ఎంతవరకు వచ్చిందని అడిగి, చివర్లో ఒక్క మాట అంటారు: "పెద్దల్లుడుగారైతే ఈపాటికి అయిపోయేది." అది విన్నప్పుడల్లా నాకు అన్నం సహించదు. నన్ను నమ్మి ఇచ్చినదాన్ని, మీ పేరు చెప్పి పొడవడానికే ఇచ్చారేమోనని కూడా అనిపిస్తోంది.

ఇన్ని మాటలెందుకు. నా చేత కావడం లేదు. రండి.

మీ,
తమ్ముడు

తా.క. అన్నీ మార్చినా ఫర్వాలేదు గానీ ఒక్కదాన్ని మాత్రం మార్చొద్దని అత్తయ్యగారు మరీ మరీ చెప్పారు. దాన్ని పోగొట్టకూడదని విడిగా సీసా మూతలో పెట్టాను. మీరు పారేసింది అదే.


పాలిటెక్నిక్ వర్క్‌షాపు,
ఆదివారం

ప్రియమైన తమ్ముడికి.

విషయం ఏమీ లేదు. ఊరికే రాస్తున్నాను.

నిన్నటి పరీక్ష అందరూ చెప్పుకుంటున్నారు. నా దగ్గర పాడైన సామాను లేక, నీ దగ్గర బాగైన మిషను లేక, ఎగ్జామినరు కాళ్లావేళ్లా పడి పరీక్షను నీ షెడ్డుకి మార్పించాను. అత్తగారి మిషను భాగాలు ఏరి బిగించడమే పరీక్ష. బెంచీకొక స్టూడెంటు, పక్కన మీ సభ్యుడొకరు. మావాళ్లు కొలిచి చెప్పడం, మీవాళ్లు తిప్పి చూడటం. నాకు నా విద్యార్థులు ఒకరినొకరు అడిగి పనిచేయడం కొత్తగా అనిపించింది. మా దగ్గర దాన్ని కాపీ అంటాం. మధ్యాహ్నానికి ఒక్క స్క్రూ మిగలకుండా మిషను నిలబడింది. ఎగ్జామినరు ఉత్సాహంలో కొరియరు అబ్బాయికి కూడా మార్కులు వేసేశాడు. అతను ఇప్పుడు సర్టిఫికెట్ ఎప్పుడిస్తారని నా చుట్టూ తిరుగుతున్నాడు. మా ప్రిన్సిపాలు ఏటా పరీక్ష షెడ్డులోనే పెడదామంటున్నాడు. నేను మా వర్క్‌షాపుకి ఒక తాను నీలం గుడ్డ కొనమని ఇండెంటు పెట్టాను.

అంతా బాగుంది. మిషను ఒక్కటే బాగాలేదు. నాలుగు కుట్లకొకటి జారిపోతోంది. కింద బాబిను పెట్టెను కదలకుండా పట్టే చిన్న కొక్కెం లేదు. అది నేను పారేసిన జడపిన్నే. మీ చెత్త డబ్బా చూశాను, ఖాళీ అయిపోయింది. బజారులో కొత్త కొక్కెం తెచ్చి వేశాను, పట్టలేదు. ఏళ్ల తరబడి ఆ పిన్నుకే అలవాటుపడి అక్కడి రంధ్రం అరిగిపోయింది. సరే, అలాంటిదే వంచుదామని కూర్చున్నాను. మీ వదిన పిన్నులు డబ్బాడు అయిపోయాయి. ఆవిడ ఇవాళ జుట్టు విరబోసుకుని తిరుగుతోంది. ఒక్కటీ కుదరలేదు.

తమ్ముడూ, ఇక దాచేదేముంది. అసూయే. మొదటి ఉత్తరం నుంచీ అసూయే. నువ్వు ఆ మిషను తీసుకుపోతుంటే నా చేతులు తీసుకుపోయినట్టే అనిపించింది. ఇప్పుడు నీ మీద పోయింది గానీ, ఆ జడపిన్ను వంచినవాడెవడో, వాడి మీద పడింది. వాణ్ణి గడప తొక్కనివ్వకూడదని రాశాను. వాడు నాకంటే పనివాడు.

అత్తగారికి ఉన్నదున్నట్టు రాసి పంపాను. మిషను చెడింది చిన్నల్లుడి వల్ల కాదు, నా వల్లేనని. ఆవిడ జవాబు కోసం చూస్తున్నాను.

ఇట్లు,
అన్నయ్య

తా.క. స్పానర్ల బొమ్మలు కొలత ప్రకారం నేను గీసి పెడతాను. రెండు మాత్రం ఆవిడ గీసినవే ఉంచు. చూడగా చూడగా బాగున్నాయి.


అత్తగారింటి నుంచి,
సోమవారం

పెద్దల్లుడుగారికి ఆశీర్వచనాలు.

మీ ఉత్తరం అందింది. మీరిద్దరూ రాసుకున్న మిగతా ఉత్తరాలు కూడా నాకు అందుతూనే ఉన్నాయి. అమ్మాయిలు ఏరోజుకారోజు తెచ్చి చదివి వినిపిస్తున్నారు.

మిషను పోయిందని మీరు బాధపడొద్దు, పోయింది నాది కాదు. కళ్లు ఆనక నేను కుట్టడం మానేసి చాలాకాలమైంది. రిటైరయ్యాక మీరు ఇంట్లో కూర్చుని డబ్బాలన్నీ సైజుల వారీగా సర్దుతారని మీ ఆవిడ భయపడుతుంటే, మీకే ఇద్దామనుకున్నాను. రంగు వేయించి, మీ ఆఖరి రోజున వర్క్‌షాపులో పెట్టించాలని చిన్నల్లుడికి అప్పజెప్పాను. మీకిచ్చే దాన్ని మీ చేతే బాగుచేయించుకుంటే బాగుండదు కదా. ఆ పిల్లవాడు మీ చేత అన్ని మాటలు పడ్డాడు గానీ నోరు విప్పలేదు.

ఇక జడపిన్ను. మీకు పెళ్లయిన కొత్తలో, మా దగ్గర పనితనం చూపించుకోవాలని, అడక్కుండానే మిషను విప్పారు. కొక్కెం ఎక్కడో జారిపోయింది. మీకు చెమటలు పట్టాయి. పెద్దమ్మాయి నవ్వుతూ తలలోంచి పిన్ను తీసిచ్చింది. మీరు దాన్ని పళ్లతో పట్టి వంచి బిగించి, "ఇది తాత్కాలికం అత్తయ్యగారూ, రేపు వర్క్‌షాపు నుంచి అసలుది తెస్తాను" అన్నారు. మీరు మర్చిపోయారు. నేను గుర్తు చేయలేదు. పిల్లల బట్టలన్నీ, ఊళ్లోవాళ్ల బట్టలన్నీ దాని మీదే కుట్టాను. ఒక్క కుట్టు జారలేదు.

ఆ వంచినవాణ్ణి గడప తొక్కనివ్వకూడదని మీరు రాసిన ముక్క అమ్మాయి చదివినప్పుడు నవ్వలేక చచ్చాం. వెంటనే ఆటో ఎక్కి షెడ్డుకి వెళ్లి, చెత్త డబ్బాలోంచి ఏరి తెచ్చుకున్నాను. ఈ కవరు అడుగున ఉంది. పారేయకుండా చూసి తీయండి.

ఇట్లు,
మీ అత్తయ్య

తా.క. పెద్దాయనకి మిషను ఇస్తే నాకేమిస్తారని చిన్నల్లుడు నిన్నటి నుంచి మొహం ముడుచుకు కూర్చున్నాడు. ఆగిపోయిన గోడ గడియారం ఇస్తానన్నాను. అతను దాన్ని విప్పి పరుస్తాడట. మీరు అటు వెళ్లకండి.

తా.క. రేపు తెస్తానన్న ఆ అసలు కొక్కెం, ఇంక తేనక్కర్లేదు.